మూడేళ్ల బాబు పెరుగన్నం తప్ప ఏదీ ముట్టడు, మీ ఇళ్లలో ఏం చేస్తున్నారు?

బుడ్డోడి అమ్మ:
మావాడు తినేవి మూడే: పెరుగన్నం, అరటిపండు, బిస్కెట్. ఉప్మా పెడితే ఆవాలు, కరివేపాకు ఒక్కొక్కటే ఏరి పళ్లెం అంచున వరసగా పేర్చి, ఇక అయిపోయిందన్నట్టు లేచిపోతాడు. అత్తయ్యగారు గిన్నె పట్టుకుని ఇల్లంతా వాడి వెనకే. ఫోన్లో రైమ్స్ పెడితే నోరు తెరుస్తాడు, ఆపితే మూసేస్తాడు. వచ్చినవాళ్లందరూ "చిక్కిపోయాడే" అంటుంటే టెన్షన్‌గా ఉంది.

గుంటూరు నాన్న:
పాలు ఎన్ని తాగుతున్నాడు? మా పాప లీటరు దాకా తాగేది, ఇక అన్నానికి చోటెక్కడ! డాక్టరు అరలీటరు దాటొద్దన్నారు. పాలతోనే కడుపు నింపుకుంటే ఐరన్ తగ్గుతుంది, ఐరన్ తగ్గితే ఉన్న ఆకలి కూడా చచ్చిపోతుందట. సీసా మానిపించి గ్లాసు అలవాటు చేశాం. మొదట్లో ఇల్లు పీకి పందిరేసింది. ఇప్పుడు వేళకి తనే వచ్చి అన్నం అడుగుతోంది.

వరంగల్ అమ్మమ్మ:
అంతా మీ గారాబమే బిడ్డా. మేం పిల్లల్ని పెంచలేదా? ఉన్నది పెట్టేది, తింటే తిన్నరు లేకుంటే లేదు. ఒక పూట మాడితే దారికొస్తరు.

డల్లాస్ అమ్మాయి:
అమ్మమ్మగారూ, మీరన్నదాంట్లో సగం ఇక్కడా చెబుతారు. ఎలిన్ శాటర్ అనే అమెరికా పోషకాహార నిపుణురాలి పద్ధతి ఒకటుంది. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దవాళ్ల ఇష్టం. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది పిల్లల ఇష్టం. మాడ్చడం మాత్రం అందులో లేదు, వాడు తినేది ఒక్కటైనా పళ్లెంలో ఉండాల్సిందే. నేను పెరుగన్నం పక్కన రెండు బెండకాయ వేపుడు ముక్కలు పెట్టి ఊరుకునేదాన్ని. "నాన్న కోసం ఒక్క ముద్ద" అని బతిమాలడం మానేశాం. కొత్త కూర పది పదిహేనుసార్లు కళ్లబడితే గానీ కొందరు పిల్లలు నోట్లో పెట్టరంటారు. మావాడు చాలా రోజులు వేలితో పొడిచి, వాసన చూసి వదిలేశాడు. ఒకరోజు కరకరలాడుతున్నాయని తినేశాడు. కాకరకాయ జోలికి ఇప్పటికీ రాడు. వాళ్ల నాన్నా రాడు, ఇక ఎవర్ననాలి?

నర్సక్క:
చిక్కాడో లేదో చెప్పాల్సింది చుట్టాలు కాదు, వయసుకి తగ్గ ఎత్తు, బరువు చూపే గ్రోత్ చార్ట్. మొదటి ఏడాదిలో బరువు మూడింతలవుతుంది. రెండేళ్లు దాటాక ఏడాదికి రెండు కిలోలు పెరిగితే మామూలే, ఆకలీ దాన్ని బట్టే తగ్గుతుంది. బరువు పెరగకపోయినా, ఒళ్లు పాలిపోయినా, మట్టి, సుద్ద తింటున్నా, ముద్ద మింగలేక దగ్గుతున్నా డాక్టర్‌కి చూపించండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రలో 63 శాతం. నులిపురుగుల మాత్ర వేయించారా? అంగన్‌వాడీల్లో ఉచితమే.

బుడ్డోడి అమ్మ:
మాత్ర ఫిబ్రవరిలో వేయించాం. పాలు లెక్క చూస్తే ముప్పావు లీటరు పైనే, ఇవాళ్టి నుంచి తగ్గిస్తున్నా. నిన్న ఫోన్ లేకుండా మాతోపాటే కూర్చోబెట్టి, తాలింపు వేయని ముద్దపప్పు, నెయ్యి పెడితే కాస్త తిన్నాడు. ఏరడానికి ఆవాలు లేవు కదా! ఇక అత్తయ్యగారి చేతిలో గిన్నె ఎలా తీసుకోవాలో చెప్పండి.

వరంగల్ అమ్మమ్మ:
గుంజుకోకు. అందరికీ ఆమెనే వడ్డించమను. మా చేతుల గిన్నె తప్ప ఇంకేం మిగిల్చిన్రు మీరు?