క్లెయిన్-లెవిన్ నిద్ర: మనసు జబ్బా, మెదడు జబ్బా?

బ్రాడీపేట మేనమామ:
మా అక్క కొడుకు ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. దసరా సెలవుల్లో రెండు రోజుల జ్వరం తగ్గాక మొదలైన నిద్ర, రోజుకు 18 గంటల చొప్పున 12 రోజులు సాగింది. లేపితే కంచంలో పెట్టిందల్లా తినేసి, "మామయ్యా, ఇదంతా కలలా ఉంది" అని మళ్లీ ముసుగు తన్నేవాడు. 13వ రోజు పొద్దున ఏమీ జరగనట్టు లేచి పేపరు అడిగాడు. ఏడాదిలో ఇలా మూడుసార్లయ్యాక న్యూరాలజిస్టు క్లెయిన్-లెవిన్ సిండ్రోమ్ అని తేల్చారు. అంతకుముందు చూపించిన చోట చదువు ఎగ్గొట్టడానికి వేషమన్నారు. ఇంతకీ దీని మూలం మనసులో ఉందా, శరీరంలోనా?

కొత్తపేట పాఠకుడు:
మానసికమనే నా అభిప్రాయం. నిద్ర చాలకపోవడం, ఒత్తిడి, మద్యం దీన్ని రేపుతాయని వైద్యులే రాస్తున్నారు. కొందరిలో ఈ విడతలను తగ్గించే లిథియం కూడా బైపోలార్ అనే మానసిక జబ్బుకిచ్చే మందే కదా. మన గుంటూరు హాస్టళ్లలో తెల్లవారుజామునే లేపి కూర్చోబెట్టే స్టడీ అవర్లను చూసినవారికి ఒత్తిడి సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

పట్టాభిపురం:
హాస్టళ్ల మాట నిజమే గానీ, అక్కడ చదివే వేలమందిలో ఈ జబ్బు ఎవరికో ఒకరికి రావడమే అరుదు కాబట్టి, ఒత్తిడి నిప్పురవ్వే తప్ప మందుగుండు కాదు. విడతకు ముందు తరచూ కనిపించేది జ్వరమో జలుబో. మేనమామగారు చెప్పిందీ అదే. నిద్ర విడతలో తీసిన స్కాన్లలో, మెదడులో మెలకువను నిలిపే భాగమైన థాలమస్‌కు రక్తప్రసారం తగ్గినట్టు చాలామందిలో కనిపించింది. మందు పేరును బట్టి జబ్బు పుట్టుక తేలదు; మూర్ఛకు వాడే వాల్ప్రోయేట్‌ను బైపోలార్‌కూ ఇస్తారు, అంతమాత్రాన మూర్ఛ మానసికం కాదు. అయితే పాఠకుడుగారి వాదనకు నేనే ఒక ఆధారం ఇవ్వాలి: 2021లో వెలువడిన జన్యు అధ్యయనం ఈ జబ్బుతో ముడిపెట్టిన ట్రాంక్1 జన్యువు ప్రాంతం బైపోలార్‌తోనూ ముడిపడి ఉంది. మనసుకూ మెదడుకూ మధ్య మనం కట్టిన గోడ అక్కడే బీటలువారుతోంది.

బ్రాడీపేట మేనమామ:
గోడ సంగతి సరే, నాకు కావలసిన జవాబు వచ్చింది. వాడిది వేషం కాదని మా బావకు చూపిస్తాను. ఆరో రోజున వాడి మొహాన చెంబెడు నీళ్లు కొట్టింది ఆయనే.

పట్టాభిపురం:
బలవంతంగా లేపితే చిరాకే మిగులుతుంది. విడత నడిచినన్నాళ్లూ ఇంట్లోనే పడుకోనివ్వండి, బండి తాళాలు మాత్రం దాచండి. చాలామందిలో వయసు పెరిగేకొద్దీ విడతలు పలచబడతాయి, అయితే దానికి ఏళ్లు పడుతుంది.