ప్లాస్టిక్ టాయిలెట్ సీటుపై వదలని మరకలు

ప్రశ్న: తిరుపతిలో మేము అద్దెకు చేరిన ఇంట్లో బోరు నీళ్ళే వాడుతున్నందున, తెల్లని ప్లాస్టిక్ టాయిలెట్ సీటుపై సబ్బుతో ఎంత తోమినా పోని మరకలు పేరుకున్నాయి. యాసిడ్ వాడవచ్చునా అండీ?

జవాబు 1: వద్దండీ. తెల్లగా, గరుకుగా ఉంటే అది బోరు నీటి సున్నపు పొర. వెనిగర్‌లో తడిపిన గుడ్డను అరగంట పరచి, మెత్తని స్పాంజితో తుడిస్తే కరుగుతుంది. ఇనుప పీచుతో రుద్దితే పడే గీతల్లోనే మురికి మళ్ళీ చేరుతుంది (మా ఇంట్లో జరిగినదే).

జవాబు 2: పసుపు మరకలకు వంటసోడా ముద్ద పట్టించి 20 నిమిషాలు ఉంచండి. వెనిగర్, యాసిడ్‌లలో దేనినీ బ్లీచింగ్‌తో కలపకండి. విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది.

జవాబు 3: అప్పటికీ పోకపోతే ప్లాస్టిక్కే పాతబడి రంగు మారి ఉంటుంది. బోల్టు రంధ్రాల మధ్య దూరం కొలుచుకొని కొత్త సీటు తెచ్చుకోండి.