లైసెన్సు తుపాకిని పోలీసులు తీసేసుకోవచ్చా? అర్జెంట్

టెక్కలి కుర్రాడు:
గ్రూపులో లాయర్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. పొద్దున్నుంచి బుర్ర వేడెక్కిపోయింది. టెక్కలి నుంచి శ్రీకాకుళం వెళ్తుంటే హైవే మీద చెకింగ్‌లో కారు ఆపారు. డిక్కీలో డబుల్ బ్యారెల్ ఉంది, కాన్వాస్ కవర్లో. లైసెన్సు బుక్కు వెంటనే చేతికిచ్చాను. కానిస్టేబుల్ సెల్లు లైటు వేసి గన్ నంబరు చూశాడు. చివరి అంకె మీద తుప్పు పట్టి ఉంటే గోటితో గీకి మరీ చదివాడు. బుక్కులో ఉన్నదే, ఏ తేడా లేదు. అయినా గన్ను, బుక్కు రెండూ స్టేషన్‌లో పెట్టుకున్నారు. కాగితం ముక్క కూడా ఇవ్వలేదు. ఇదేటండీ న్యాయం? లైసెన్సు ఉన్నాక మనకి హక్కు లేదా?

పలాస జీడితోట:
ఎలుగుబంట్ల కోసమా బాబూ? మా ఉద్దానంలో తెల్లారితే తోటలోకి వెళ్లాలంటే భయం. కానీ జాగ్రత్త, ఎలుగుబంటి 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్ జంతువు. లైసెన్సు గన్ను ఉంది కదా అని పేల్చావంటే జైలే. అసలు అడవిలో తిండి లేకనే అవి తోటల మీద పడుతున్నాయి. పనసకాయలు ముగ్గబెడితే రావా మరి?

బొబ్బిలి వకీలు:
లైసెన్సు ఎవరి పేరు మీద? గడువు ఎప్పటిదాకా? ఎక్కడికి, ఎందుకు తీసుకెళ్తున్నారు?

చీపురుపల్లి హవల్దార్ (రిటైర్డ్):
తమ్ముడూ, ముందు తుప్పు సంగతి చూడు. నంబరు మీద తుప్పు పట్టేదాకా నూనె గుడ్డ పెట్టలేదంటే ఆ గన్ను ఇంట్లో ఎలా ఉందో తెలుస్తూనే ఉంది. కవర్లో పెట్టడం మంచిదే, 2016 ఆయుధ నియమాలు కూడా అదే చెప్తాయి. తూటాలు తీసి విడిగా పెట్టావా? బండి ఆపగానే నువ్వే నోరు తెరిచి ‘సార్, డిక్కీలో లైసెన్సు గన్ను ఉంది’ అన్నావా, వాళ్లు వెతికితే బయటపడిందా? రెంటికీ చాలా తేడా. ఆపినప్పుడు చేతులు స్టీరింగ్ మీదే ఉండాలి. గన్ను నువ్వు తీసి చూపించకూడదు, వాళ్లనే తీసుకోనివ్వాలి.

విజయనగరం కోట జంక్షన్:
అమెరికాలో అయితే ఇలా లాక్కుంటే కోర్టుకి లాగేవాళ్లు. అక్కడ అది రాజ్యాంగ హక్కు, రెండో సవరణ. మనకే ఈ ఖర్మ.

చీపురుపల్లి హవల్దార్ (రిటైర్డ్):
అక్కడి సంగతి ఎందుకులెండి మాస్టారూ. 2016లో మిన్నెసోటాలో ఫిలాండో కాస్టిల్ అనే అతన్ని ట్రాఫిక్‌లో ఆపితే, నా దగ్గర గన్ను ఉందని మర్యాదగానే చెప్పాడు. పర్మిట్ కూడా ఉంది. అయినా పోలీసు కాల్చేశాడు. ఆ పోలీసు మీద కేసు నడిచి మరుసటి ఏడు నిర్దోషి అన్నారు. మనవాళ్లు గన్ను తీసుకున్నారు, అంతేగా.

విజయనగరం కోట జంక్షన్:
‘అంతేగా’ ఏమిటండీ! రసీదు ఇవ్వకపోవడం చిన్న విషయమా?

బొబ్బిలి వకీలు:
నా ప్రశ్నలకి జవాబు రాలేదు.

టెక్కలి కుర్రాడు:
లైసెన్సు మా నాన్నగారిదండీ, ఇంకెవరిది అవుతుంది? ఆయనకి మోకాళ్ల నొప్పులు, కారెక్కలేరు. రెన్యువల్‌కి గన్ను చూపించమంటే నేను పట్టుకెళ్తున్నాను. గడువు ఇంకా ఉంది.

బొబ్బిలి వకీలు:
అదీ సంగతి. ఆయుధ చట్టం 3వ సెక్షన్‌లో ఒక వెసులుబాటు ఉంది. రిపేరుకో, లైసెన్సు రెన్యువల్‌కో, హోల్డర్ (లైసెన్సు ఎవరి పేరున ఉందో ఆయన) వాడుకోవడానికో వేరొకరు గన్ను మోయవచ్చు. కానీ హోల్డర్ పక్కన ఉండాలి, లేదా ఆయన రాసిచ్చిన కాగితం ఉండాలి. మీ దగ్గర రెండూ లేవు. 19వ సెక్షన్ ప్రకారం ఏ పోలీసు అధికారైనా లైసెన్సు అడగొచ్చు. అది గానీ, లైసెన్సు లేకుండా మోసే అర్హత గానీ చూపలేకపోతే పేరు, ఊరు అడిగి, అవసరమనుకుంటే గన్ను సీజ్ చేయొచ్చు. పేరు చెప్పకపోతేనో, తప్పుడు పేరని అనుమానిస్తేనో అరెస్టు దాకా వెళ్తుంది. మీరు ఇంటికొచ్చి పోస్టు పెడుతున్నారంటే వాళ్లు మెత్తగానే పోయారు.

చీపురుపల్లి హవల్దార్ (రిటైర్డ్):
వకీలుగారూ, అది సీజ్ కాదండీ, డిపాజిట్. ఎలక్షన్లప్పుడు మేమంతా స్టేషన్‌లో పెట్టట్లేదా?

బొబ్బిలి వకీలు:
ఎలక్షన్లప్పుడు మీరు పట్టుకెళ్లి ఇస్తారు, రసీదు తెచ్చుకుంటారు. రోడ్డు మీద డిక్కీలోంచి తీసుకుంటే డిపాజిట్ ఎలా అవుతుంది?

చీపురుపల్లి హవల్దార్ (రిటైర్డ్):
స్టేషన్ రైటర్లు అలాగే రాసుకుంటారు, నేను చూశాను.

బొబ్బిలి వకీలు:
రాసుకుంటారు, అందుకే ఏమని రాశారో ముందు కనుక్కోమంటున్నాను. సీజ్ అయితే జాబితా రాసి సాక్షుల సంతకాలు పెట్టించాలి. 2024 జులై 1 నుంచి, సీఆర్పీసీ బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ 105వ సెక్షన్ కింద వీడియో కూడా తీయాలి. కుర్రాడా, నాన్నగారిని ఎలాగోలా ఆటోలో కూర్చోబెట్టి స్టేషన్‌కి తీసుకెళ్లు. కేసు కట్టకపోతే ఆయన అర్జీ మీద గన్ను, బుక్కు ఇచ్చేయొచ్చు. కట్టేస్తే మేజిస్ట్రేట్ కోర్టులో పిటిషన్ వేయాలి. లెటర్ ఇప్పుడు రాయించినా ఇవాళ్టి తేదీయే వేయి. వెనక తేదీ వేశావంటే కొత్త కేసు అవుతుంది.

పలాస జీడితోట:
ఇంతకీ గన్ను పంట కోసమా, ఇంటి కోసమా చెప్పనే లేదు.

విజయనగరం కోట జంక్షన్:
తండ్రి గన్ను కొడుకు మోస్తే నేరమా! ఏం చట్టాలో.

టెక్కలి కుర్రాడు:
నాన్నగారిని తీసుకెళ్లాను. ఎస్సైగారు లేరు, రేపు రమ్మన్నారు. రసీదు మాత్రం తెల్లకాగితం మీద రాసిచ్చారు, స్టాంపు లేదు. థాంక్స్ అండీ అందరికీ.

బొబ్బిలి వకీలు:
అందులో గన్ నంబరు వేశారా?