బొగ్గు పనులు పోయిన కౌంటీల్లో ట్రైనింగ్ గ్రాంట్: మ్యాచ్ డబ్బు ఎక్కణ్ణుంచి తేవాలి?

లెక్కలపిల్ల:
అందరికీ నమస్కారం. ఈస్టర్న్ కెంటకీలో ఒక చిన్న కమ్యూనిటీ కాలేజీ అకౌంట్స్‌లో పని చేస్తున్నాను. చుట్టుపక్కల గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. పని పోయినవాళ్లకు కరెంటు లైన్‌మన్, వెల్డింగ్, ట్రక్కు లైసెన్స్ కోర్సులు పెట్టాలని మా డీన్ ఆలోచన. అపలాచియన్ కొండ ప్రాంతాల అభివృద్ధి చూసే ఫెడరల్ సంస్థ అపలాచియన్ రీజినల్ కమిషన్ (ఏఆర్‌సీ), బొగ్గు పనులు పోయిన చోట్ల కోసం ఇచ్చే 'పవర్' గ్రాంటుకు అప్లికేషన్ రాస్తున్నారు, బడ్జెట్ మాత్రం నా నెత్తిన పడింది. మ్యాచ్ అంటే మన వైపు నుంచి పెట్టాల్సిన వాటా, అది ఎంత పెట్టాలి? డబ్బు ముందే ఇస్తారా? నేర్చుకునేవాళ్ల పెట్రోలు ఖర్చు, పిల్లల డేకేర్ ఇందులో పెట్టొచ్చా? కాస్త టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

డాలస్‌బాబు:
ఇంత తలనొప్పి ఎందుకండీ, గ్రాంట్లు రాసే కన్సల్టెంట్‌కి ఇచ్చేయండి. వస్తే ఇంత శాతం అని మాట్లాడుకుంటే సరి.

పాతఫైలు:
బాబుగారూ, ఆ శాతం బేరం వద్దు. ఈ వృత్తిలోవాళ్ల సొంత నియమావళే దాన్ని తప్పంటుంది. పైగా ఆ ఫీజు గ్రాంటులోంచి ఇవ్వడం కుదరదు, ఆడిట్‌లో దొరికిపోతారు.

లెక్కలపిల్ల గారూ, నేను చాలాకాలం ఒక ప్రాంతీయ ప్లానింగ్ ఆఫీసులో ఈ ఫైళ్లే చూశాను. ముందు మీ కౌంటీ ఏ వర్గంలో ఉందో చూసుకోండి. నిరుద్యోగం, తలసరి ఆదాయం, పేదరికం లెక్కలు కలిపి ఏఆర్‌సీ ఏటా కౌంటీలను వర్గాలుగా విడగొడుతుంది. డిస్ట్రెస్డ్ (బాగా చితికిపోయినది) అయితే ఖర్చులో 80 శాతం దాకా ఇస్తారు, అట్-రిస్క్ (ఆ అంచున ఉన్నది) అయితే 70, ట్రాన్సిషనల్ (మధ్యస్థంగా ఉన్నది) అయితే 50. మిగతాది మీ వాటా. రెండుమూడు కౌంటీలు కలిపి రాస్తే లెక్క మారుతుంది కాబట్టి మీ ఎల్‌డీడీ (లోకల్ డెవలప్‌మెంట్ డిస్ట్రిక్ట్, అంటే మీ ప్రాంతీయ ప్లానింగ్ ఆఫీసు) వాళ్లకు ఇవాళే ఫోన్ చేయండి. వాళ్ల పనే అది.

మీ వాటా అంతా నగదుగానే ఉండక్కర్లేదు. ఎవరైనా ఉచితంగా ఇచ్చిన హాలు, యంత్రాలు, వాలంటీర్ల గంటలు కూడా లెక్కలోకొస్తాయి. అయితే వాటికి విలువ ఎలా కట్టారో, ఎవరు ఎప్పుడు ఇచ్చారో కాగితం ఉండాలి. వాలంటీర్ గంటలకు టైమ్‌షీటు లేకపోతే ఆ గంటలు లేనట్టే. మరో ఫెడరల్ గ్రాంటు డబ్బును మామూలుగా మ్యాచ్‌గా చూపకూడదు. చట్టంలోనే అనుమతి ఉన్న మినహాయింపులు కొన్ని ఉన్నాయి, ఫెడరల్ గృహ, పట్టణాభివృద్ధి శాఖ (హెచ్‌యూడీ) ఇచ్చే కమ్యూనిటీ డెవలప్‌మెంట్ బ్లాక్ గ్రాంట్ (సీడీబీజీ) అలాంటిదే.

డబ్బు ముందే వస్తుందనుకోకండి. ఎక్కువగా మీరు ఖర్చు పెట్టి బిల్లు పంపితేనే వస్తుంది. కొన్ని నెలల జీతాలు మోయగలరా అని మీ ఫైనాన్స్ హెడ్‌ని అప్లికేషన్‌కి ముందే అడగండి. గ్రాంటు వచ్చాక జీతాల కోసం బ్యాంకు చుట్టూ తిరిగిన సంస్థలను చూశాను, చూడబుద్ధి కాలేదు.

పెట్రోలు, డేకేర్, స్టైపెండ్ అనుమతించే ప్రోగ్రామ్ అయితే తప్పక పెట్టండి. సిగ్గుపడకండి. 2021 అమెరికన్ రెస్క్యూ ప్లాన్ (కోవిడ్ సాయం చట్టం) డబ్బుతో ఫెడరల్ ఆర్థికాభివృద్ధి సంస్థ ఈడీఏ నడిపిన 50 కోట్ల డాలర్ల గుడ్ జాబ్స్ ఛాలెంజ్‌లో ఇలాంటి తోడు సేవలకు చోటిచ్చారు. కొండల్లో బస్సు ఉండదు, కారు చెడితే క్లాసు పోయినట్టే. సీట్లు ఖాళీగా మిగిలేది పాఠం బాగాలేక కాదు. బడ్జెట్‌లో ఒక మెలిక: మీ కాలేజీకి ఫెడరల్ ప్రభుత్వంతో మాట్లాడుకున్న ఇండైరెక్ట్ రేటు (ఆఫీసు, కరెంటు బిల్లు లాంటి ఉమ్మడి ఖర్చులకు వేసుకునే శాతం) లేకపోతే 15 శాతం వేసుకోవచ్చు (2024 అక్టోబరు దాకా అది 10). కానీ స్టైపెండ్ లాంటి, నేర్చుకునేవాళ్ల కోసం పెట్టే పార్టిసిపెంట్ ఖర్చుల మీద అది పడదు. అవి తీసేశాకే శాతం వేయండి.

ఇక నా అసలు మాట. అప్లికేషన్ కోర్సుతో మొదలెట్టకండి, ఉద్యోగం ఇచ్చేవాళ్లతో మొదలెట్టండి. 'ఈ ప్రాజెక్టుకు మా పూర్తి మద్దతు' అని రాసిన ఉత్తరాలు కట్టలు కట్టలు చదివాను, ఒక్కదానికీ విలువ లేదు. 'ఏటా ఇంతమంది లైన్‌మన్ ట్రైనీలను ఇంటర్వ్యూకి పిలుస్తాం, మొదటి జీతం గంటకు ఇంత, ట్రైనింగ్‌కి మా స్తంభాలు, బకెట్ ట్రక్కు వాడుకోనిస్తాం' అని ఒక కరెంటు కోఆపరేటివ్ రాసిస్తే, అదే మీ మ్యాచ్, అదే మీ ఫలితాల లెక్క. ఆ మాట ఎవరూ ఇవ్వకపోతే ఆ కోర్సుని అప్లికేషన్‌లోంచి తీసేయండి. గని పని పోయినవాణ్ణి ఇంకో సర్టిఫికెట్‌తో ఇంటికి పంపడం న్యాయం కాదు.

ఫెడరల్ గ్రాంటుకు సంస్థలు నమోదు కావాల్సిన సైటు శామ్ డాట్ గవ్‌లో మీ రిజిస్ట్రేషన్ చూసుకున్నారా? ఏటా రెన్యువల్ చేయాలి, గడువు మీద పడ్డాక చేద్దామంటే అవ్వదు.

లెక్కలపిల్ల:
చాలా థాంక్సండీ. శామ్ చూశాను, వచ్చే నెలలో ముగుస్తోంది, రేపే మొదలెడతాను. మా దగ్గరి కోఆపరేటివ్ వాళ్లు మాటకు సరే అన్నారు, రాసివ్వడానికి వెనకాడుతున్నారు. వెల్డింగ్‌కి అయితే మాటిచ్చినవాళ్లు కూడా లేరు.

పాతఫైలు:
కోఆపరేటివ్‌లో హెచ్‌ఆర్‌ని కాదు, లైన్ సూపర్‌వైజర్ని పట్టుకోండి. మనుషుల కొరత అతనికి తెలుసు. 'నియమిస్తాం' అని అడిగితే లాయరు అడ్డం పడతాడు, 'ఇంటర్వ్యూ చేస్తాం' అంటే సంతకం పెడతారు. వెల్డింగ్ సంగతి డీన్‌కి మీరే చెప్పండి. ఆయన మొహం మాడ్చుకుంటారు, ఫర్వాలేదు. రెండు కోర్సులతో వెళ్లండి.