4 ఓమ్‌ల స్పీకర్లకు పవర్ ఆంప్: 100 వాట్లా, 200 వాట్లా?

పాలకొల్లు శ్రోత: హాలు 14×18 అడుగులు, కూర్చునేది 3 మీటర్ల దూరంలో. స్పీకర్లు 4 ఓమ్‌లు, సెన్సిటివిటీ (ఇచ్చిన పవరుకు ఎంత శబ్దం వస్తుందో చెప్పే అంకె) 86 డీబీ (డెసిబెల్స్). క్లాస్ ఏబీలో (మామూలు ట్రాన్సిస్టర్ ఆంప్ రకం) 100 వాట్లు చాలా, 200 కావాలా? సాయంత్రం కరెంటు 180 వోల్టులకు దిగిపోతుందండి.

భీమవరం బెంచి: ముందు ఆ 86 ఎలా కొలిచారో చూడండి. 2.83 వోల్టుల దగ్గరైతే 4 ఓమ్‌లలో అది 2 వాట్లు, అంటే వాటుకు 83 డీబీయే. 100 వాట్లకు 20 డీబీ కలిస్తే మీటరు దూరంలో 103. మీ కుర్చీ దగ్గర, రెండు స్పీకర్లకూ కలిపి, సుమారు 97 డీబీ. 200కి వెళ్తే పెరిగేది 3 డీబీ మాత్రమే! అంకె కంటే 4 ఓమ్‌ల రేటింగ్ ముఖ్యం. 8 ఓమ్‌లకు 100, 4 ఓమ్‌లకు 170 పైన ఇస్తే ఆంప్ లోపలి పవర్ సప్లై గట్టిదే. 4 ఓమ్‌ల అంకె రాయని ఆంప్ జోలికి పోవద్దు.

అమలాపురం వైరింగ్: అసలు సమస్య 180 వోల్టులే. మామూలు ట్రాన్స్‌ఫార్మర్ సప్లైలో రైల్ వోల్టేజీ (ఆంప్ లోపలి డీసీ) అదే నిష్పత్తిలో పడుతుంది, పవరు దాని వర్గంలో. 230 వోల్టుల నుంచి 180కి పడితే 100 వాట్లు 60కి దిగుతాయి. 2 కేవీఏ సర్వో (మోటారుతో సర్దే) స్టెబిలైజర్ పెట్టండి, రిలేది టపటపలాడుతుంది. పెద్ద టొరాయిడ్ (గుండ్రటి ట్రాన్స్‌ఫార్మర్) ఆన్ చేయగానే ఎంసీబీ పడిపోతుంటే సి-కర్వ్‌ది (ఆన్ చేసిన క్షణంలో వచ్చే కరెంటు ఉప్పెనను తట్టుకునే రకం) వేయించండి. హమ్ (స్పీకర్లలో గుంయ్ మనే మోత) వస్తోందని ఎర్త్ పిన్ను మాత్రం విరగ్గొట్టకండి, ముందు కేబుల్ టీవీ వైరు పీకి చూడండి.

పాలకొల్లు శ్రోత: క్లాస్ డి (స్విచింగ్ రకం ఆంప్) అయితే?

భీమవరం బెంచి: రెగ్యులేటెడ్ ఎస్‌ఎంపీఎస్ (స్విచింగ్ పవర్ సప్లై) ఉంటే 180కీ చలించదు, వేడీ తక్కువ. ఇన్‌పుట్ రేంజి చదివి కొనండి. మన తేమకు ఆర్‌సీఏ సాకెట్లు (ఆడియో వైర్లు గుచ్చేవి) నల్లబడతాయి, ఏడాదికోసారి కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి.