స్ట్రేంజర్ దేన్ పారడైజ్: సీన్ల మధ్య ఆ నలుపు కళా, కరువా?

మ్యాట్నీ:
జిమ్ జార్ముష్ 1984లో తీసిన సినిమా. న్యూయార్క్‌లో ఉండే విల్లీ గదికి బుడాపెస్ట్ నుంచి చుట్టపమ్మాయి ఈవా వచ్చి పడుతుంది. తర్వాత అతనూ, స్నేహితుడు ఎడ్డీ ఆమె ఉంటున్న క్లీవ్‌లాండ్ వెళ్తారు, అక్కణ్ణుంచి ముగ్గురూ ఫ్లోరిడా. కథ అంతే. ప్రతి సీనూ ఒకే షాటు, అది అవగానే తెర నల్లబడుతుంది, కాసేపాగి తర్వాతి షాటు. దీన్ని మహా శైలి అంటారు, కాన్ ఫెస్టివల్‌లో తొలి సినిమాలకిచ్చే కెమెరా డోర్ అవార్డు కూడా ఇచ్చారు. నాకు మాత్రం ఫిల్ము కొనే డబ్బుల్లేక పుట్టిన పద్ధతిలాగే కనిపిస్తుంది. మొదటి అరగంట తీసిందే జర్మన్ దర్శకుడు విమ్ వెండర్స్ తన సినిమా 'ది స్టేట్ ఆఫ్ థింగ్స్'కి వాడగా మిగిలిన ముడి ఫిల్ముతో. 35 ఎంఎంలో నిమిషానికి 90 అడుగులు, అరగంటకి 2,700. ప్రతి షాటూ రెండు టేకులంటే 5,400. ఇంక వైడనీ, క్లోజప్పనీ, రియాక్షననీ ఎక్కణ్ణుంచి తీస్తాడు?

కటింగ్‌టేబుల్:
లెక్క సరిగ్గానే ఉంది, తేల్చిందే తప్పు. ఆ అరగంట మొదట విడిగా వచ్చిన పొట్టి సినిమా. తర్వాత డబ్బు సమకూరాక మిగతా రెండు భాగాలు తీశాడు. అప్పుడైనా కవరేజ్, అంటే ఒకే సీనుని రకరకాల యాంగిళ్లలో, తీసుకోవచ్చుగా? తీసుకోలేదు.

పైగా ఒకే షాటు చవక అనుకోవడం పొరపాటు. మామూలు పద్ధతిలో నటుడు నాలుగో డైలాగ్ తడబడితే ఆ ముక్క ఇంకో యాంగిల్ నుంచి తెచ్చుకుంటాం. ఇక్కడ మొదటి నుంచీ తీయాల్సిందే. రెండు నిమిషాల షాటు చివర్లో చెడితే 180 అడుగులు చెత్తబుట్టకే. ఎడిటింగ్‌లో తల, తోక కత్తిరించడం తప్ప సీను నడక సరిచేసే దారే ఉండదు. రిహార్సల్ గట్టిగా చేయనివాడు ఈ పద్ధతి జోలికి వెళ్తే మునుగుతాడు.

టీవీ డిన్నర్ (వేడిచేసుకు తినే రెడీమేడ్ భోజనం) సీను చూడండి. విల్లీ తింటుంటాడు, ఆ మాంసం ఎక్కణ్ణుంచి వస్తుందని ఈవా అడుగుతుంది, అసలది మాంసంలాగే లేదంటుంది. అక్కడ పళ్లేనికి క్లోజప్ వేస్తే ఒక జోకు పేలుతుంది, అంతే. వేయలేదు కాబట్టి ఇద్దరి చిరాకూ ఒకే ఫ్రేములో కూర్చుని ఉంటుంది.

మ్యాట్నీ:
మరి రెండేళ్లకే 'డౌన్ బై లా'లో షాటుకో నలుపు ఎందుకు మానేశాడు? అక్కడ రాబీ ముల్లర్ కెమెరా మొదట్లోనే న్యూ ఆర్లియన్స్ ఇళ్ల వెంట పక్కకి జారుకుంటూ పోతుంది. డబ్బు రాగానే కెమెరాకి కాళ్లొచ్చాయి.

గోదారిగట్టు:
కాళ్లు ముందే ఉన్నాయండీ. ఈవా న్యూయార్క్ వీధిలో టేప్‌రికార్డర్‌లో స్క్రీమిన్ జే హాకిన్స్ పాట పెట్టుకుని నడుస్తుంటే కెమెరా పక్కనే నడుస్తుంది. కదలడం తెలిసే గదిలో కదల్లేదు.

ఇంకోటి. గుర్రప్పందేల కోసం చదివే గుర్రాల పేర్లలో లేట్ స్ప్రింగ్, పాసింగ్ ఫ్యాన్సీ, టోక్యో స్టోరీ ఉంటాయి. మూడూ జపాన్ దర్శకుడు ఓజు సినిమాలే. ఓజు సీన్ల మధ్య ఆరేసిన బట్టలో, పొగగొట్టాలో, ఖాళీ గదో చూపిస్తాడు. జార్ముష్ ఆ చోట ఏమీ పెట్టలేదు. ఈరీ సరస్సు దగ్గర ముగ్గురూ చలికి ముడుచుకుని నిలబడి చూస్తే ఎదురుగా ఉత్త తెలుపు. నీళ్లేవో ఆకాశమేదో తెలీదు. అన్ని నలుపుల తర్వాత వచ్చింది కాబట్టే ఆ తెలుపు కొడుతుంది.

సౌండ్‌పెట్టె:
నలుపుని నిలబెట్టేది శబ్దమని ఒక్కరూ అనరేం? మన షార్ట్‌ఫిల్ముల్లో ఇదే ఎత్తుకుని బోల్తా పడేది ఇక్కడే. ఎడిటింగ్ టైమ్‌లైన్‌లో రెండు క్లిప్పుల మధ్య ఖాళీ వదిలేస్తే బొమ్మతోపాటు శబ్దమూ సున్నా. ఫోన్‌లో చూసేవాడు నెట్ ఆగిందనుకుని తెర మీద తడతాడు.

ప్రతి లొకేషన్లో యూనిట్ మొత్తాన్నీ నిలబెట్టి 30 సెకన్లు రూమ్‌టోన్, అంటే ఎవరూ మాట్లాడనప్పుడు ఆ చోట వినిపించే శబ్దం, రికార్డు చేసుకోండి. సెకనుకి 24 ఫ్రేముల లెక్కన నలుపు 48 నుంచి 72 ఫ్రేములు చాలు. సగం దాకా పాత గది శబ్దం, ఆ తర్వాత రాబోయే చోటుది మొదలవ్వాలి. అన్నీ ఒకే పొడవుంటే నాలుగోసారికి ప్రేక్షకుడు లెక్కపెట్టుకుంటాడు. ఫిల్ము ప్రింటులో నల్ల లీడరు (బొమ్మ లేని నల్ల ఫిల్ము ముక్క) మీద దుమ్మూ గీతలూ కదుల్తుండేవి. డిజిటల్ నలుపు చచ్చి పడుంటుంది, కాస్త గ్రెయిన్ (ఫిల్ములో కనిపించే సన్నని రేణువుల కదలిక) కలపండి.

మ్యాట్నీ:
తర్వాతి రెండు భాగాల సంగతి ఒప్పుకున్నా. మొదటిది మాత్రం కరువు బిడ్డే, అందులో తగ్గను. ఆ అరగంటలో నలుపు తీసేసి షాట్లు నేరుగా అతికిస్తే నష్టమేంటి?

కటింగ్‌టేబుల్:
అతికించి చూడండి. ఈ షాటులో కుర్చీలో ఉన్న విల్లీ మరుక్షణం మంచం మీదుంటాడు. వరసగా జంప్‌కట్లు పడతాయి. ఆ గదిలో ఈవా ఉన్న పదిరోజుల్లో ఒక్కసారి కూడా లేని తొందర వచ్చేస్తుంది.