ప్రార్థన కూటంలో ఒకరి భారాలు ఒకరు మోయడం ఆచరణలో ఎలా?

ప్రశ్న: కూటం బాధ్యుడు

అందరికీ వందనాలు. మాది వారానికోసారి గంటన్నర కూడుకునే ప్రార్థన కూటం, 14 మందిమి. పాటలు, వాక్యం అయ్యాక 50 నిమిషాలు మిగులుతాయి. అందులో 40 నిమిషాలు మనవులు చెప్పుకోవడానికే పోతున్నాయి. చివర్లో ఒకరు లేచి అందరి తరఫునా గబగబా ప్రార్థించి ముగిస్తారు. ఆ మనవులు కూడా ఎప్పుడూ వేరేవాళ్ళవే: బావమరిది ఉద్యోగం, పక్కింటావిడ ఆపరేషన్. "నేను ఇందులో తడబడుతున్నాను, నా కోసం ప్రార్థించండి" అన్న మాట ఎవరి నోటా రాదు. మరోవైపు ఒకరిద్దరు ప్రతి చిన్న విషయానికీ ఒకే సిస్టర్‌కి ఫోన్ చేసి ప్రార్థన చేయించుకుంటున్నారు. ఆమె అలసిపోతోంది. అసలు క్రీస్తులో నిలిచి ఉండటం నాకూ ప్రభువుకూ మధ్య సంగతి కదా, ఇంకొకరి మీద ఇంతగా ఆధారపడొచ్చా? దీన్ని ఎలా నడపాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు: బెరయవాసి

బ్రదర్, చివరి ప్రశ్న ముందు చూద్దాం. యోహాను 15వ అధ్యాయాన్ని చాలామంది 5వ వచనం దగ్గర ఆపేస్తారు. యేసు ద్రాక్షావల్లి, మనం తీగెలు, ఆయనకు వేరుగా ఉండి ఏమీ చేయలేం, అంతే. కానీ ఆ మాట ఆగదు. 7వ వచనంలో అడగడం వస్తుంది, 10లో ఆజ్ఞలు గైకొనడం, 12లో ఆ ఆజ్ఞ ఏమిటో: ఒకరినొకరు ప్రేమించడం. నిలిచి ఉండటం, అడగడం, ప్రేమించడం ఈ మూడూ ఒకే సంభాషణలో, ఒకే రాత్రి పదకొండు మంది శిష్యులకు కలిపి చెప్పినవి. కాబట్టి తోటి విశ్వాసి మీద ఆధారపడటం క్రీస్తు మీద ఆధారపడటానికి పోటీ కాదు. ఆ మనిషి ప్రభువు దగ్గరికి తిప్పకుండా తన దగ్గరే ఆపుకున్నప్పుడే అది పోటీ అవుతుంది.

హద్దు గలతీ 6లోనే ఉంది. 2వ వచనం ఒకరి భారాలు ఒకరు మోయమంటుంది, 5వ వచనం ఎవరి బరువు వాళ్ళే మోసుకోవాలంటుంది. సందర్భం చూస్తే చిక్కు విడిపోతుంది. 1వ వచనంలో తప్పిదంలో చిక్కుకున్నవాడున్నాడు, వాడు ఒంటరిగా లేవలేడు, చెయ్యి పట్టాలి. 4వ వచనంలో ప్రతివాడూ తన పనిని తానే పరీక్షించుకోవాలి, అది ఇంకొకరు చేసిపెట్టేది కాదు. మీ కూటంలో రెండూ తలకిందులయ్యాయి. పడిపోతున్నవాళ్ళు నోరు విప్పడం లేదు, సొంతంగా మోకరించాల్సినవాళ్ళు ఫోన్ తీస్తున్నారు.

జవాబు: మూడోవరుస

నేను లెక్క చెప్తాను. 14 మంది తలా 3 నిమిషాలు మాట్లాడితే 42 నిమిషాలు. ఇక ప్రార్థనకు 8 నిమిషాలు మిగులుతాయి. ఎంత భక్తి ఉన్నా ఈ లెక్క మారదు. కాబట్టి వాక్యం అయిన వెంటనే విడిపోండి: నలుగురివి రెండు, ముగ్గురివి రెండు, మొత్తం నాలుగు గుంపులు. స్త్రీలు స్త్రీలతో, పురుషులు పురుషులతో. ఒక్కొక్కరికి పది నిమిషాలు: చెప్పడానికి 4, ప్రార్థనకు 6. నలుగురికి 40 నిమిషాలు సరిపోతాయి. మిగిలిన పదీ అందరూ కలిసి కృతజ్ఞతాస్తుతికి. ఒకే గుంపును కనీసం మూడు నెలలు కదపకండి. వారం వారం మారిస్తే ప్రతిసారీ పరిచయాలతోనే మొదలవుతుంది, లోపలి మాట బయటికి రాదు.

ఇంకొకటి, ఇది చాలా కూటాల్లో తప్పుగా జరుగుతుంది. అందరి మనవులూ విని చివర్లో ప్రార్థించకండి. ఒకరు చెప్పగానే ఆ ఒక్కరి కోసం అక్కడే ప్రార్థించి తర్వాతి వ్యక్తి దగ్గరికి వెళ్ళండి. చివరికి దాచితే మొదటివాడి మనవి ఎవరికీ గుర్తుండదు, "చెప్పిన ప్రతి మనవినీ జ్ఞాపకం చేసుకో తండ్రీ" అనే ఒక్క వాక్యంలో అన్నీ కలిసిపోతాయి.

వేరేవాళ్ళ మనవులను నిషేధించాల్సిన పనిలేదు, వరుస మార్చండి. మొదటి మనవి "నా" అన్న మాటతో మొదలవ్వాలి, బావమరిది తర్వాత. బాధ్యుడు ముందుగా చెప్పాలి, అదీ పెద్దగా కాకుండా: "ఈ వారం ఇంట్లో నా కోపం అదుపులో లేదు" అంటే చాలు. నాయకుడు ఎంత లోతుకు దిగితే మిగతావాళ్ళూ అంతకే దిగుతారు. మొదటి వారమే బరువైన ఒప్పుకోలు పెడితే మాత్రం అందరూ బిగుసుకుపోతారు.

జవాబు: ఎపఫ్రా దారి

మనవి ఎలా చెప్పాలో నేర్చుకోవాలంటే రోమా 15:30–32 తీసి మూడు వచనాలూ గట్టిగా చదివించండి. పౌలు "నా కోసం ప్రార్థించండి" అని వదిలేయలేదు. మూడు విషయాలు విడివిడిగా చెప్పాడు: యూదయలోని అవిధేయుల చేతుల్లో నుంచి తప్పింపబడాలి, యెరూషలేముకు తీసుకెళ్తున్న సహాయం అక్కడి పరిశుద్ధులకు ప్రీతికరంగా ఉండాలి, దేవుని చిత్తమైతే సంతోషంతో రోమాకు వచ్చి వాళ్ళతో సేదదీరాలి. ఎక్కడ, ఎవరి చేతిలో, ఏమి జరగాలి, అన్నీ ఉన్నాయి. అదీ తాను అప్పటికింకా చూడని సంఘానికి రాస్తూ, తనతో కలిసి పోరాడమంటున్నాడు.

జవాబు ఎలా వచ్చిందో అపొస్తలుల కార్యములలో సరిచూసుకోవచ్చు. 21వ అధ్యాయంలో యెరూషలేము సహోదరులు సంతోషంగా చేర్చుకున్నారు. అదే అధ్యాయంలో జనం పట్టుకుని చంపబోతే సైనికులు విడిపించారు, 23లో నలభై మందికి పైగా పన్నిన కుట్ర బయటపడింది. రోమాకు చేరాడు, కానీ రెండేళ్ళకు పైగా ఆలస్యంగా, ఖైదీగా. 28:15లో తనను ఎదుర్కోవడానికి వచ్చిన సహోదరులను చూసి ధైర్యం తెచ్చుకున్నాడు. అడిగింది జరిగింది, అనుకున్న దారిలో కాదు. మనవి వివరంగా లేకపోతే ఈ పోలిక చూడటానికే వీలుండదు. "మా కుటుంబాన్ని దీవించు" అన్నదానికి జవాబు వచ్చిందో లేదో ఎవరు చెప్పగలరు?

అందుకే గుంపుకో నోటు పుస్తకం పెట్టండి. తేదీ, పేరు, మనవి ఒక్క వాక్యంలో, ఎప్పటికి తెలుస్తుంది, ఏమైంది. అయిదు గడులు చాలు. నాలుగు వారాలకోసారి వెనక్కి తిరగేసి చివరి గడి నింపండి. జవాబు వస్తే స్తుతి, రాకపోతే అదే మనవిని కొనసాగించాలా, మార్చాలా అని ఆ వ్యక్తినే అడగండి. 2 కొరింథీ 1:11 చూడండి: అనేకుల ప్రార్థన వల్ల కలిగిన కృపకు అనేకులు కృతజ్ఞతలు చెల్లించాలని పౌలు ఉద్దేశం. ఏమైందో తెలియనివాళ్ళు దేనికని చెల్లిస్తారు?

జవాబు: పాత పెద్ద

పుస్తకం విషయంలో నాకు అంత నమ్మకం లేదు. మందిరంలో బెంచీ మీద మర్చిపోయిన పుస్తకం ఎవరి చేతికైనా వెళ్తుంది. రోగాలు, ప్రయాణాలు, పరీక్షలు రాయండి. పాపపు ఒప్పుకోలు, భార్యాభర్తల గొడవలు, అప్పులు మాత్రం కాగితం మీదికి ఎక్కనివ్వకండి, తప్పదంటే పొడి అక్షరం ఒక్కటి.

యాకోబు 5:16 పేరు చెప్పి అందరి ముందూ అన్నీ ఒప్పుకోమని బలవంతం చేసే కూటాలున్నాయి. ఆ వచనం ఒకరితో ఒకరు ఒప్పుకోమంటుంది, సభ పెట్టమనడం లేదు. తప్పు ఎంతమందికి తగిలిందో ఒప్పుకోలు అంతవరకే ఉండాలి. మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ 1738లో చిన్న గుంపులకు నియమాలు రాసినప్పుడు, చేరేవాళ్ళను ముందే అడిగేవారు: నీ తప్పులు నీకు చెప్పడం నీకిష్టమేనా అని. ముందు సమ్మతి, తర్వాతే ప్రశ్నలు. ఆ క్రమం తప్పితే సహవాసం కాస్తా విచారణ అవుతుంది.

ఇక విన్నది బయటికి పోకూడదు, "ఫలానా వారి కోసం ప్రార్థించండి, ఏమిటో చెప్పలేను కానీ" అనే రూపంలో కూడా. అది ప్రార్థన వేషం వేసుకున్న చాడీ. కానీ "ఏం చెప్పినా రహస్యమే" అని మాత్రం మాట ఇవ్వకండి. పిల్లల మీద గానీ ఇంట్లోవాళ్ళ మీద గానీ హింస జరుగుతోందని తెలిసినా, ఎవరైనా ప్రాణం తీసుకోవాలనుకుంటున్నారని తెలిసినా ప్రార్థించి ఊరుకోవడం తప్పు. ఆపగలిగినవాళ్ళకు అదే రోజు చేరాలి. ఈ మినహాయింపును మొదటి రోజే అందరికీ చెప్పాలి.

కూటం బాధ్యుడు:

చాలా వందనాలు. గుంపులు చేయడం అర్థమైంది. ఆ సిస్టర్ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆమె కాదనలేదు, వీళ్ళు మానలేరు. వాట్సాప్ గ్రూప్ ఒకటుంది కానీ ఏ మనవి పెట్టినా దండాలు పెట్టే బొమ్మలు, ఆమెన్లు తప్ప ఏమీ రావు.

జవాబు: మూడోవరుస

నిర్గమ 17 చూడండి. కింద యెహోషువ అమాలేకీయులతో యుద్ధం చేస్తుంటే, కొండ మీద పైకెత్తిన మోషే చేతులు బరువెక్కాయి. అప్పుడు అహరోను, హూరు చెరో పక్కన పట్టుకున్నారు, కింద రాయి కూడా వేశారు. ఇద్దరు మనుషులు, ఒక రాయి, సూర్యాస్తమయం వరకు. ఆ సిస్టర్‌కి మీరిచ్చింది ఏమీ లేదు. ఇంకో సంగతి, పైన చేతులెత్తినంత మాత్రాన కింద యెహోషువ కత్తి దించలేదు.

మీరు 14 మంది కాబట్టి ఏడు జతలు, వారానికి ఏడు రోజులు. ఒక్కో రోజు ఒక్కో జతది. ఆ రోజు అత్యవసర మనవి ఏదైనా ఆ జతకే వెళ్ళాలి, సిస్టర్ తన రోజున మాత్రమే ఫోన్ ఎత్తాలి. జర్మనీలోని హెర్న్‌హూట్ అనే ఊళ్ళో మొరేవియన్ సంఘపు విశ్వాసులు 1727 ఆగస్టులో ఇలాగే గంటలు పంచుకున్నారు, 24 మంది పురుషులు, 24 మంది స్త్రీలు, ఒక్కొక్కరికి ఒక గంట. మీరు రోజులు పంచుకుంటే చాలు.

ఫోన్ చేసినవాళ్ళతో ఒక పద్ధతి పెట్టుకోండి: ముందు వాళ్ళే రెండు వాక్యాలు ప్రార్థించాలి, తర్వాతే అవతలివాళ్ళు. మొదట్లో నొచ్చుకుంటారు. రెండు మూడు వారాల్లో కొన్ని ఫోన్లు వాటంతటవే తగ్గుతాయి. "ఈ సంబంధం చేసుకోనా, ఈ ఉద్యోగం వదలనా, ప్రభువు మీకేమన్నా చూపించాడా" అని అడిగితే జవాబు చెప్పొద్దని సిస్టర్‌కి గట్టిగా చెప్పండి. ప్రార్థిస్తాను, వాక్యం చూపిస్తాను, నిర్ణయం మీదే అనాలి. మధ్యవర్తి ఒక్కడే, 1 తిమోతి 2:5.

వాట్సాప్‌లో బొమ్మలు ఆపేయండి. ప్రార్థించాక మాత్రమే, ఏమని ప్రార్థించారో ఒక్క వాక్యం రాయాలి. ఇద్దరు రాస్తే చాలు.

జవాబు: తీగె

ఒక చిన్న మాట. ఇంట్లో బియ్యం లేవన్న మనవికి ప్రార్థన ఒక్కటే జవాబు కాదని యాకోబు 2:15–16 చదివినవాళ్ళకు చెప్పక్కర్లేదు. కానీ కూటంలో అప్పటికప్పుడు చందా ఎత్తకండి. తర్వాతి వారం నుంచి అవసరంలో ఉన్నవాళ్ళు నోరు విప్పరు. డబ్బు విషయం చూడటానికి ఇద్దరిని వేరుగా పెట్టండి, వాళ్ళు ఇంటికి వెళ్ళి మాట్లాడతారు. అలాగే రెండు వారాలు వరుసగా రానివారికి ఎవరు ఫోన్ చేయాలో ముందే రాసుకోండి. అందరి బాధ్యత అంటే ఎవరూ చేయరు, ఆ గుంపులోని ఒక్కరి పేరు రాయండి.